నీటి అణువు వంగింది సంకరీకరణం వల్ల కాదు

పోయిన సెమిస్టర్ పేపర్లు దిద్దుతున్నప్పటి సంగతి. ప్రశ్న చిన్నదే. "నీటి అణువు సరళరేఖలా కాకుండా వంగి ఎందుకు ఉంటుంది?" నాలుగు మార్కులు. నా ముందున్న కట్టలో అరవై రెండు పేపర్లు. మొదటి పేపర్లో "ఆక్సిజన్ ఎస్‌పీ3 సంకరీకరణం చెందడం వల్ల" అని ఉంది. (సంకరీకరణం అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లుండే చోట్లు, అంటే ఆర్బిటాళ్లు, కలిసి కొత్తవిగా మారడం. ఒక ఎస్, మూడు పీ కలిస్తే ఎస్‌పీ3.) రెండో దాంట్లో అదే వాక్యం. పదో దాంట్లో, ఇరవయ్యో దాంట్లో కూడా అదే. నాకిచ్చిన కీలోనూ అదే ఉంది. సంకరీకరణం పేరు రాస్తే ఒక మార్కు, ఆకృతి పేరుకి ఒకటి, 104.5 డిగ్రీలు అని రాస్తే ఒకటి, బొమ్మకి ఒకటి.

నలభై దాటాక ఒక పేపర్ వచ్చింది. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. అందులో ఉన్నదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: ఆక్సిజన్ చుట్టూ నాలుగు జంటలున్నాయి. రెండు జంటలకి హైడ్రోజన్ ఉంది, రెండు జంటలకి ఎవరూ లేరు. ఎవరూ లేనివి ఎక్కువ చోటు తీసుకుంటాయి, అందుకని హైడ్రోజన్లు దగ్గరికి జరుగుతాయి. కింద బొమ్మ వేసి "వంగిన ఆకారం" అని రాశాడో, రాసిందో. సంకరీకరణం మాట ఎక్కడా లేదు. కోణం అంకె లేదు. కీ ప్రకారం రెండు మార్కులు.

ఆ రోజు నుంచీ ఈ విషయం మనసులో నలుగుతూనే ఉంది. ప్రశ్న "ఎందుకు" అని అడిగింది. అరవై రెండు మందిలో కారణం రాసింది ఆ ఒక్కరే. మిగతా అందరూ ఒక పేరు రాశారు. పేరు రాసినవాళ్లకి నాలుగు, కారణం రాసినవాళ్లకి రెండు. తప్పు పిల్లలది కాదు. అణువుల ఆకృతిని మేము, అంటే కెమిస్ట్రీ చెప్పేవాళ్లం, తలకిందులుగా నేర్పుతున్నాం.

నేనూ అలాగే నేర్చుకున్నాను. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో మంచం పక్కన గోడకి ఒక చార్టు అంటించుకున్నాను. ఎస్‌పీ అంటే సరళరేఖ, ఎస్‌పీ2 అంటే సమతల త్రిభుజం, ఎస్‌పీ3 అంటే చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం), ఎస్‌పీ3డీ అంటే త్రిభుజాకార ద్విపిరమిడ్, ఎస్‌పీ3డీ2 అంటే అష్టముఖి. ఎంట్రన్స్‌లో ఏ అణువు ఇచ్చినా పది సెకన్లలో ఆప్షన్ పెట్టేసేదాన్ని. ఎంఎస్సీకి వచ్చేదాకా నన్ను ఎవరూ తిప్పి అడగలేదు: ఆక్సిజన్ ఎస్‌పీ3లో ఉందని నీకెలా తెలిసింది?

నిజంగా ఆలోచించండి. ఎలా తెలిసింది? కోణం చతుర్ముఖి కోణమైన 109కి దగ్గరగా ఉంది కాబట్టి. కోణం 109కి దగ్గరగా ఎందుకు ఉంది? ఎస్‌పీ3 కాబట్టి. గానుగెద్దు ఎంత నడిచినా గానుగ దగ్గరే ఉన్నట్టు, ఈ జవాబు కూడా బయల్దేరిన చోటే ఆగుతుంది.

చరిత్ర చూస్తే విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కార్బన్ నాలుగు బంధాలూ చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా చెప్పారు. వాంట్ హాఫ్‌కి అప్పుడు 22 ఏళ్లు. ఎలక్ట్రాన్‌ని కనిపెట్టింది 1897లో. పౌలింగ్ సంకరీకరణం అనే ఆలోచన తెచ్చింది 1931లో. అంటే చతుర్ముఖి తెలిసిన 57 ఏళ్లకి ఎస్‌పీ3 వచ్చింది. ఎలక్ట్రాన్ అనే మాటే లేని రోజుల్లో ఆకారం ఎలా తెలిసింది? లెక్కపెట్టి. మీథేన్‌లో రెండు హైడ్రోజన్లు తీసి రెండు క్లోరిన్లు పెడితే డైక్లోరోమీథేన్ వస్తుంది. కార్బన్ చదరంగా ఉంటే రెండు క్లోరిన్లు పక్కపక్కన ఉండొచ్చు, ఎదురెదురుగా ఉండొచ్చు. రెండు రకాల పదార్థాలు దొరకాలి. దొరికింది ఒక్కటే. చతుర్ముఖిలో ఏ రెండు మూలలు తీసుకున్నా పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒక్కటే సాధ్యం. ఇలాంటి లెక్కలతో, ఇంకా కాంతిని తిప్పే అణువులతో వాళ్లు ఆ ఆకారానికి వచ్చారు.

పౌలింగ్ చేసింది గొప్ప పనే. అప్పటికే తెలిసిన ఆకారాన్ని క్వాంటం భాషలో చెప్పడానికి ఒక దారి వేశాడు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఆ భాష లేకుండా ఈరోజుకీ నడవదు, నేనూ రోజూ వాడతాను. కానీ ఒక ఆకారాన్ని వర్ణించే భాషని ఆ ఆకారానికి కారణం అనడం తప్పు.

మరి కారణం ఏమిటి?

1940లో ఆక్స్‌ఫర్డ్‌లో సిడ్జ్‌విక్, పావెల్ అనే ఇద్దరు అప్పటిదాకా ఆకారం తెలిసిన అణువులన్నీ ముందు పెట్టుకుని ఒక విషయం గమనించారు. మధ్య పరమాణువు బయటి కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్ జంటలున్నాయో లెక్కపెడితే చాలు, ఆకారం దాదాపు తెలిసిపోతోంది. బంధంలో ఉన్న జంటలు, ఏ బంధంలోనూ లేని ఒంటరి జంటలు, రెండూ లెక్కలోకి రావాలి. రెండు జంటలైతే ఎదురెదురుగా, మూడైతే త్రిభుజంగా, నాలుగైతే చతుర్ముఖిగా, ఆరైతే అష్టముఖిగా సర్దుకుంటాయి. ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండటమే అన్నిట్లోనూ ఉన్న సూత్రం. 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో రొనాల్డ్ గిలెస్పీ, రొనాల్డ్ నైహోమ్ ఈ ఆలోచనని పూర్తి సిద్ధాంతంగా పెంచారు. మన పాఠ్యపుస్తకాల్లో వేలన్సీ కర్పర ఎలక్ట్రాన్ జంటల వికర్షణ సిద్ధాంతం అనే పొడుగాటి పేరుతో ఉన్నది ఇదే. వీఎస్ఈపీఆర్ అంటే అందరికీ తెలుస్తుంది.

గిలెస్పీ, నైహోమ్ చేర్చిన ముఖ్యమైన మాట ఏమిటంటే, జంటలన్నీ సమానం కావు. ఒంటరి జంట బంధ జంట కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. మా క్లాసులో దీన్ని తడి చీరతో చెబుతాను. డాబా మీద చీర ఆరబెట్టేటప్పుడు ఇద్దరు రెండు కొసలూ పట్టుకుని లాగితే అది సన్నగా, బిగుతుగా ఉంటుంది. ఒక కొస వదిలేస్తే గాలికి వెడల్పుగా విచ్చుకుని పక్కనున్న తీగ మీద బట్టల్ని కూడా తోసేస్తుంది. బంధ జంటని రెండు కేంద్రకాలు రెండు వైపుల నుంచి లాగుతాయి. ఒంటరి జంటని ఒక్క కేంద్రకమే పట్టుకుంటుంది. అందుకే అది మధ్య పరమాణువు దగ్గరే వెడల్పుగా పరుచుకుని పక్కవాటిని నెడుతుంది.

ఈ ఒక్క మాటతో మీథేన్‌లో 109.5, అమోనియాలో 107, నీటిలో 104.5 డిగ్రీలు వరసగా అర్థమవుతాయి. మూడింట్లోనూ నాలుగేసి జంటలు. మీథేన్‌లో ఒంటరి జంట లేదు, అమోనియాలో ఒకటి, నీటిలో రెండు. నా హాస్టల్ చార్టు ప్రకారం ఈ మూడూ ఎస్‌పీ3, ఈ మూడింటికీ ఒకే జవాబు. తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చార్టు చెప్పదు. చివరికి పిల్లలు "ఒంటరి జంటల వల్ల కొంచెం తగ్గింది" అని వికర్షణని తోకలా తగిలిస్తారు. అసలు కారణం తోక అయిపోయింది, పేరు తల అయిపోయింది.

నా వాదనకి నాకు దొరికిన గట్టి సాక్ష్యం నీరు కాదు, మూడు నైట్రోజన్ అణువులు. మూడింట్లోనూ అవే పరమాణువులు: మధ్యలో ఒక నైట్రోజన్, రెండు పక్కలా రెండు ఆక్సిజన్లు. తేడా ఒక్కొక్క ఎలక్ట్రాన్.

మొదటిది నైట్రోనియం అయాన్. నైట్రోజన్ మీద బంధంలో లేని ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. కోణం 180, కచ్చితంగా సరళరేఖ. రెండోది నైట్రోజన్ డయాక్సైడ్, ఎర్రగోధుమ రంగు వాయువు. నైట్రోజన్ మీద ఒకే ఒక్క ఎలక్ట్రాన్ మిగిలి ఉంటుంది. జంట కాదు, సగం జంట. కోణం 134. మూడోది నైట్రైట్ అయాన్. ఆ ఒంటరి ఎలక్ట్రాన్‌కి ఇంకోటి తోడై పూర్తి జంట అయింది. కోణం 115.

ఎలక్ట్రాన్ లేదు, వంగలేదు. ఒకటి వచ్చింది, కొంత వంగింది. రెండోది వచ్చింది, ఇంకా వంగింది. రెండు ఆక్సిజన్లనీ ఒక చెయ్యి నెమ్మదిగా కిందికి నొక్కుతున్నట్టే ఉంటుంది. సగం జంట పూర్తి జంట కన్నా తక్కువ నెడుతుందనే మాట వికర్షణ నుంచి దానంతటదే వస్తుంది. మూడింటికీ మూడు నియమాలు కంఠతా పట్టాల్సిన పనిలేదు. సంకరీకరణం వైపు నుంచి వెళితే 134కి ఒక పేరు పెట్టాలి, ఎస్‌పీకీ ఎస్‌పీ2కీ మధ్య ఏదో అనాలి, అదీ కోణం కొలిచాకే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పకుండా ఉండలేను. ఇంటర్‌లో బెంజీన్ నైట్రేషన్ చదివిన అందరికీ నైట్రోనియం తెలుసు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నైట్రిక్ ఆమ్లం కలిపితే నిజంగా ఆ అయాన్ పుడుతుందని ఇంగోల్డ్, హ్యూస్‌లతో కలిసి రుజువు చేసినవాళ్లలో కుర్రాడిగా ఉన్న గిలెస్పీ ఒకడు. వాళ్లు వాడింది గడ్డకట్టే ఉష్ణోగ్రత. నైట్రిక్ ఆమ్లం ఒక అణువు వేస్తే నాలుగు కణాలు వేసినట్టుగా ఆ ఉష్ణోగ్రత పడిపోయింది. ఒక నైట్రోనియం, ఒక హైడ్రోనియం, రెండు బైసల్ఫేట్లు, లెక్క సరిపోయింది. ఒక థర్మామీటరుతో కంటికి కనిపించని అయాన్‌ని లెక్కపెట్టిన మనిషి, తర్వాత ఎలక్ట్రాన్ జంటల్ని లెక్కపెట్టి ఆకారాలు చెప్పాడు. ఈ రెండు పనుల వెనకా ఒకే రకం బుర్ర ఉందని నాకనిపిస్తుంది.

క్లాసులో పిల్లలు నిజంగా ఆలోచించడం మొదలుపెట్టేది క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ దగ్గర. మధ్యలో క్లోరిన్, చుట్టూ ఐదు జంటలు: మూడు బంధాలు, రెండు ఒంటరి జంటలు. ఐదు జంటలు దూరంగా ఉండాలంటే త్రిభుజాకార ద్విపిరమిడ్. భూగోళం ఊహించుకోండి. భూమధ్యరేఖ మీద మూడు చోట్లు, ఉత్తర దక్షిణ ధ్రువాల్లో రెండు చోట్లు. ఇప్పుడు ఒంటరి జంటల్ని ఎక్కడ పెట్టాలి?

ధ్రువంలో ఉన్నదానికి 90 డిగ్రీల దూరంలో ముగ్గురు పొరుగువాళ్లు. భూమధ్యరేఖ మీద ఉన్నదానికి 90 దగ్గర ఇద్దరే, మిగతా ఇద్దరూ 120 డిగ్రీల దూరంలో. వెడల్పుగా పరుచుకునే ఒంటరి జంటకి ఎక్కడ ఇరుకు తక్కువ? భూమధ్యరేఖ మీద. రెండు ఒంటరి జంటలూ అక్కడికి పోతే మిగిలిన మూడు ఫ్లోరిన్లు ఇంగ్లీషు టీ అక్షరంలా నిలబడతాయి. పైగా ఒంటరి జంటలు నెడతాయి కాబట్టి టీ అడ్డగీత రెండు కొసలూ కొద్దిగా వంగాలి. కొలిచి చూస్తే కోణం 90 కాదు, 87.5. ఇదే తర్కంతో సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్ కూడా వస్తుంది. పిల్లల పార్కులో ఎక్కీ దిగే ఊగుడు బల్లలా ఉంటుంది అది.

ఈ లెక్క బోర్డు మీద వేసినప్పుడు వెనక బెంచీలవాళ్లు కూడా తల ఎత్తుతారు. ఎందుకంటే ఇది వాళ్లు చెయ్యగలరు. ఎస్‌పీ3డీ అని రాస్తే ద్విపిరమిడ్ దాకా వస్తుంది, ఒంటరి జంట ఎక్కడ కూర్చుంటుందో చెప్పడానికి మళ్లీ వికర్షణ దగ్గరికే రావాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ఫాస్ఫరస్, సల్ఫర్ సమ్మేళనాల్లో డీ ఆర్బిటాళ్లు బంధాల్లో పెద్దగా పాల్గొనవని ఇప్పటి లెక్కలు చూపించాయి. అంటే ఎస్‌పీ3డీ, ఎస్‌పీ3డీ2 వర్ణనగా కూడా బలహీనమైనవే. అయినా వాటినే కారణాలుగా పరీక్షల్లో రాయిస్తున్నాం.

మీథేన్ సంగతి కూడా చూడండి. దాని ఎలక్ట్రాన్లని కాంతితో ఊడగొట్టి శక్తి కొలిస్తే, నాలుగు ఎస్‌పీ3లూ సమానం కాబట్టి ఒకే శక్తి దగ్గర సంకేతం రావాలని చార్టు చదివిన పిల్లలు అనుకుంటారు. వచ్చేవి రెండు: ఒకటి సుమారు 14 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఇంకోటి సుమారు 23 దగ్గర. బొమ్మలో గీసిన నాలుగు ఆకుల్ని అణువులో ఉన్న నాలుగు వస్తువులుగా నమ్మించకూడదని ఈ కొలత నాకు నేర్పింది.

ఇంతవరకూ వికర్షణ, వికర్షణ అంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగాలి. నేను కొన్నేళ్లపాటు క్లాసులో చెప్పింది ఇది: ఎలక్ట్రాన్లకి రుణావేశం ఉంటుంది, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి, అందుకని జంటలు దూరంగా పోతాయి. ఒకసారి ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, మరి జంటలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లకీ రుణావేశమే కదా. అవి ఒకదాన్నొకటి ఎందుకు నెట్టుకోవు? ఎనిమిదీ విడివిడిగా ఎందుకు పోవు?"

చాలా మంచి ప్రశ్న. ఆవేశం ఒక్కటే కారణమైతే ఎనిమిది ఎలక్ట్రాన్లు ఎనిమిది దిక్కులకి పోవాలి. 1916లో లూయిస్ సరిగ్గా అలాగే గీశాడు: ఘనం, ఎనిమిది మూలల్లో ఎనిమిది ఎలక్ట్రాన్లు. కానీ ఆ బొమ్మతో నైట్రోజన్ అణువులోని త్రిబంధాన్ని చూపించడం కుదరదు. అదే వ్యాసంలో ఆయన జంటల్ని చతుర్ముఖి మూలల వైపు కూడా జరిపాడు. జంట ఎందుకు ఏర్పడుతుందో చెప్పే సాధనం మాత్రం అప్పటికి లేదు. అది 1925లో పౌలీ దగ్గర్నుంచి వచ్చింది.

మన పుస్తకాల్లో దాన్ని పౌలీ వర్జన నియమం అంటారు. వర్జన అన్న మాట నాకు చాలా ఇష్టం. పంచాంగంలో వర్జ్యం అంటే ఆ వేళకి పని పెట్టుకోకూడదని కదా. ఇక్కడ వర్జ్యం వేళకి కాదు, చోటుకి. స్పిన్ అనేది ఎలక్ట్రాన్‌కి ఉండే ఒక గుణం, పైకి, కిందికి అని రెండే రకాలు. ఒకే స్పిన్ ఉన్న రెండు ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండకూడదు. వేరు వేరు స్పిన్‌లు ఉన్నవాటికి ఆ నిషేధం లేదు. ఇది ఆవేశాల తోపులాట కాదు. ఆవేశం అనేదే లేదనుకున్నా ఈ నిషేధం ఉంటుంది.

ఇక బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లున్నాయి. నాలుగింటి స్పిన్ పైకి, నాలుగింటిది కిందికి. పైకి ఉన్న నాలుగూ ఒకదాన్నొకటి వర్జిస్తాయి. గోళం మీద నాలుగు బిందువులు వీలైనంత దూరంగా ఉండాలంటే చతుర్ముఖి మూలల్లో ఉండాలి. కిందికి ఉన్న నాలుగింటిదీ ఇంకో చతుర్ముఖి. ఒంటరిగా ఉన్న నియాన్ పరమాణువులో ఈ రెండు చతుర్ముఖులకీ ఒకదానితో ఒకటి కలిసి ఉండాల్సిన పని లేదు. అక్కడ జంటలూ లేవు, దిక్కులూ లేవు. మొత్తం గుండ్రంగా ఉంటుంది.

ఆక్సిజన్ దగ్గరికి హైడ్రోజన్ వచ్చినప్పుడు కథ మారుతుంది. హైడ్రోజన్ కేంద్రకానికి ధనావేశం. అది పైస్పిన్ చతుర్ముఖి నుంచి ఒక మూలనీ, కిందిస్పిన్ చతుర్ముఖి నుంచి ఒక మూలనీ తన వైపు లాక్కుంటుంది. రెండు మూలలూ ఒక చోటికి వస్తాయి, అక్కడ జంట ఏర్పడుతుంది. రెండో హైడ్రోజన్ ఇంకో మూల దగ్గర అదే పని చేస్తుంది. చతుర్ముఖిని రెండు మూలల దగ్గర బిగించాక అది ఇంక తిరగలేదు. రెండు చతుర్ముఖులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, మిగతా రెండు మూలల్లో రెండు ఒంటరి జంటలు తయారవుతాయి. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో అయితే బిగించిన మూల ఒక్కటే. అందుకని ఫ్లోరిన్ మీద మూడు విడి ఒంటరి జంటలు ఉన్నట్టు మనం గీసినా, నిజానికి ఆ ఆరు ఎలక్ట్రాన్లూ ఉంగరంలా పరుచుకుని ఉంటాయి.

దీన్ని మొదటిసారి అర్థం చేసుకున్న రోజు నాకు గుర్తుంది. జంట అనేది ఎలక్ట్రాన్లు తమంతట తాము కట్టుకున్నది కాదు, బయటి కేంద్రకం లాగి కట్టింది. గిలెస్పీ కూడా ఆకారాలని నిర్ణయించడంలో ఆవేశాల వికర్షణ కన్నా పౌలీ నియమమే ముఖ్యమని నొక్కి చెప్పాడు. సిద్ధాంతం పేరులో మాత్రం వికర్షణే మిగిలింది. నేనైతే మొదటి రోజు వికర్షణ అనే చెప్పి, రెండో వారానికి వర్జన అని సరిదిద్దుతాను. మొదటి రోజు చెప్పింది పూర్తి నిజం కాదని ఆ రోజే చెప్పేస్తాను.

సిద్ధాంతం విలువ తెలియని వాటిని ముందుగా చెప్పడంలో బయటపడుతుంది. 1957లో ఆ నియమాలు రాసేనాటికి జీనాన్ సమ్మేళనం ఒక్కటి కూడా ఎవరి చేతుల్లోనూ లేదు. జడవాయువులు దేనితోనూ కలవవని నమ్మేవాళ్లు. 1962లో వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ జీనాన్‌ని ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌తో కలిపి మొదటి సమ్మేళనం చేశాడు. అదే ఏడాది షికాగో దగ్గర ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలలో జీనాన్ టెట్రాఫ్లోరైడ్ చేశారు. దాని ఆకారం లెక్కపెట్టి చూడండి: ఆరు జంటలు, నాలుగు బంధాలు, రెండు ఒంటరి జంటలు. ఒంటరి జంటలు వీలైనంత దూరంగా, అంటే పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో నాలుగు ఫ్లోరిన్లూ చదరంగా. కొలిస్తే చదరమే. డైఫ్లోరైడ్‌లో ఐదు జంటలు, మూడు ఒంటరివి భూమధ్యరేఖ మీద, ఫ్లోరిన్లు రెండు ధ్రువాల్లో. సరళరేఖ. అదీ సరిపోయింది.

అసలు పరీక్ష జీనాన్ హెక్సాఫ్లోరైడ్. ఆరు ఫ్లోరిన్లు, ఒక ఒంటరి జంట, మొత్తం ఏడు. అణు ఆర్బిటాళ్ల వైపు నుంచి ఆలోచించినవాళ్లు అది చక్కటి అష్టముఖి అన్నారు. గిలెస్పీ కాదన్నాడు, ఏడో జంట చోటు అడుగుతుంది కాబట్టి అష్టముఖి వికృతమవ్వాలన్నాడు. ఆ దశాబ్దం చివరికి వాయువులో ఎలక్ట్రాన్ వివర్తనంతో చూస్తే అణువు వికృతమైన అష్టముఖిగానే ఉంది. కాగితం మీద చుక్కలు పెట్టి లెక్కించే పద్ధతి, అంతకన్నా బరువైన లెక్కలు వేసినవాళ్ల జవాబు కన్నా నిజానికి దగ్గరగా వచ్చింది.

అన్ని చోట్లా ఇలా గెలవలేదు, అది కూడా క్లాసులో చెప్పాలి. టెల్లూరియం హెక్సాక్లోరైడ్ అయాన్‌లో కూడా ఏడు జంటలే, కానీ అది మంచి అష్టముఖి. ఆరు పెద్ద క్లోరిన్లు ఇరుగ్గా చేరడంతో ఒంటరి జంటకి బయటికి చోటు లేదని అంటారు. వాయువుగా ఉన్న బేరియం ఫ్లోరైడ్ సరళరేఖలా ఉండాలి, వంగి ఉంటుంది. నికెల్ లాంటి లోహాల దగ్గర ఈ లెక్క పనిచేయదు. నాలుగు కార్బన్ మోనాక్సైడ్లు చేరితే చతుర్ముఖి, నాలుగు సైనైడ్లు చేరితే చదరం. అక్కడ డీ ఎలక్ట్రాన్ల వ్యవహారం వేరు.

హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి పిల్లలు ఎప్పుడూ అడుగుతారు. నీటికి అన్నలాంటిది, మరి కోణం 92 ఏమిటి? సల్ఫర్ పెద్దది, ఎలక్ట్రాన్లని ఆక్సిజన్ అంత గట్టిగా లాగదు. బంధ జంటలు సల్ఫర్ నుంచి దూరంగా, హైడ్రోజన్ల వైపు ఉంటాయి కాబట్టి వాటి మధ్య తోపులాట తక్కువ. ఒంటరి జంటలకి ఎక్కువ చోటు దొరుకుతుంది. దిశ సరిగ్గా వస్తుంది, 92 అనే అంకె మాత్రం ఈ తర్కం నుంచి రాదు. నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లో 102 ఉండటం కూడా ఇలాగే. ఫ్లోరిన్ బంధ జంటని తన వైపు లాక్కుంటుంది, నైట్రోజన్ దగ్గర ఇరుకు తగ్గి కోణం అమోనియా కన్నా మూసుకుంటుంది. చార్టులో ఇవన్నీ ఎస్‌పీ3 గడిలోనే ఉంటాయి. 92, 102, 104.5, 107, 109.5 అన్నీ ఒకే గడిలో పడుతున్నాయంటే ఆ గడి మనకి ఏం చెబుతున్నట్టు?

నీటి కోణం గురించి ఇంత పట్టుదల ఎందుకని మా ఇంట్లోవాళ్లు అడిగారు. కార్బన్ డయాక్సైడ్ సరళరేఖ. రెండు పక్కల లాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ద్విధ్రువం, అంటే ఒక వైపు ధనంగా, ఇంకో వైపు రుణంగా ఉండటం, సున్నా. మామూలు పీడనంలో ద్రవంగా కూడా ఉండదు. నీరు అలా నిటారుగా ఉండి ఉంటే దానికీ ద్విధ్రువం ఉండేది కాదు. ఉప్పు కరిగే తీరు, మంచు నీటి మీద తేలడం, బిందె పొయ్యి మీద అంతసేపు కాగడం, ఏదీ ఇలా ఉండేది కాదు. ఆక్సిజన్ మీద ఉన్న రెండు ఒంటరి జంటలు చేస్తున్న పని ఇది. ఆ పేపర్లో "ఎవరూ లేని జంటలు" అని రాసింది వాటి గురించే.

ఆ పేపర్‌కి నేను మూడున్నర వేశాను. కోణం రాయనందుకు అర మార్కు తీశాను. పక్కన ఎర్ర ఇంకుతో "కారణం సరిగ్గా ఉంది" అని రాశాను. రెండు రోజుల తర్వాత పేపర్ తిరిగొచ్చింది, కీ ప్రకారం వేయమని. మార్కులు రెండుకి తగ్గించి సంతకం పెట్టాను. ఆ సంతకం పెట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

సిలబస్ మీటింగ్‌కి ఒక కాగితం తయారు చేసుకున్నాను. అందులో ఉన్నది రెండే విషయాలు. ఆకృతుల పాఠంలో జంటల లెక్క ముందు రావాలి, సంకరీకరణం ఆ తర్వాత రావాలి. "ఎందుకు" అని అడిగిన ప్రశ్నకి కీలో సగం మార్కులు కారణానికి ఉండాలి. ఒప్పుకుంటారో లేదో ఆ రోజు తెలుస్తుంది. నా క్లాసు వరకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త బ్యాచ్‌కి మొదటి గంటలో బోర్డు మీద నైట్రోనియం, నైట్రోజన్ డయాక్సైడ్, నైట్రైట్ మూడూ చుక్కలతో గీస్తాను. కోణాలు రాయను. ఏది ఎక్కువ వంగుతుందో, ఎందుకో వాళ్లనే చెప్పమంటాను.